మొదటి ర్యాంకు ఎవరికీ లేదు

పోయిన శనివారం ఆటోనగర్‌లో కారు సర్వీసుకిచ్చాను. ఒక్క అరగంటండీ అన్నవాళ్ళు మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. కాఫీ మిషనులోంచి వచ్చే ఆ గోరువెచ్చటి నీళ్ళు తాగుతూ, వాళ్ళని మనసులో తిట్టుకుంటూ గోడమీద టీవీ వంక చూస్తున్నాను. ఆ ఇంగ్లీషు గూఢచారి సినిమాల్లో ఒకటి వస్తోంది. నా చిన్నప్పటికంటే ముందునుంచీ తీస్తూనే ఉన్న వరస అది. హీరో పాత్ర ఒకటే, వేసే నటుడు మాత్రం కొన్నేళ్ళకోసారి మారతాడు. ఆ రోజు వచ్చింది కనుబొమ్మ ఎగరేసి మాట్లాడే ఆయన జమానాలోది.

నా పక్కన నాలాగే కారు కోసం కాచుకున్న ఇద్దరు పెద్దమనుషులు ఆ ఒక్క ఆయన సినిమాల్లో ఏది ఫస్టు, ఏది లాస్టు అని వాదించుకుంటున్నారు. ఒకాయన కార్ల ఛేజులు చూసి ర్యాంకులిస్తున్నాడు, రెండో ఆయన విలన్లని చూసి. ఎటూ తేలక మర్యాదకి నన్ను కూడా అడిగారు. నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ ఆయన సినిమాలకి ఆవిడ కూడా ర్యాంకులిచ్చేది. కార్లూ విలన్లూ ఆవిడ లెక్కలోకే రావు.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఇల్లు గుణదలలో, మేరీమాత కొండకి దగ్గర్లో. ఆదివారం చర్చిలో పూజ అయి, భోజనాలయ్యాక ముందు గదిలో టీవీకి అద్దె వీడియో క్యాసెట్టు పెట్టి, చేటనిండా గోరుచిక్కుళ్ళు వేసుకుని కూర్చునేది. గోరుచిక్కుళ్ళు లేని రోజు మా జ్ఞాపకంలో లేదు. ఆ కూర మాకెవరికీ ఇష్టం లేదని చెప్పినా లాభం లేకపోయింది. చూపు తెరమీద, వేళ్ళు చేటలో. టక్, టక్ అని తుంచుతూ ఉండేది.

ఆ సినిమాలన్నిట్లోనూ ఒక సంగతి ఉంటుంది. హీరోని నమ్మి, ఆయనకి సాయం చేసిన ఒక అమ్మాయి చచ్చిపోతుంది. విషమో, తూటానో, ఏదో ఒకటి. ఆమె పడిపోతుంది, ఆయన చూస్తాడు, కనుబొమ్మ ఎగరేసి ఒక జోకు వేస్తాడు, కథ ముందుకి పోతుంది. ఆ అమ్మాయి పడిపోగానే పెద్దమ్మ చెయ్యి ఆగేది. గదిలో టక్ టక్ ఆగిపోయేది. ఆయన జోకు వేశాక మళ్ళీ మొదలయ్యేది. ఆ మధ్యలో ఎంతసేపు ఆగిందో అదే ఆవిడ పెట్టే మార్కు. పక్కన మనిషి చచ్చాక ఎక్కువసేపు నోరు మూసుకున్న సినిమా పైన, ఆమె ఇంకా నేలమీద పడకముందే జోకు వేసేసిన సినిమా అట్టడుగున. సినిమాల పేర్లు ఆవిడకి పట్టవు. మంచుది, రైలుది, ఎడారిది, పడవది, అంతే.

ఇంకో అలవాటు కూడా ఉండేది. జోకు వచ్చే క్షణానికి తెర వదిలేసి మా మొహాలు చూసేది. పిల్లలం పగలబడి నవ్వుతుంటే ఒక్కొక్కరి మొహమే వరసగా చూసేది. కోపంగా కాదు. జ్వరం ఉందా లేదా అని నుదుటిమీద చెయ్యి వేసి చూస్తారే, అలా. నాకు అది అస్సలు నచ్చేది కాదు. నవ్వు సగంలో చచ్చిపోయేది.

మిగతా నటుల సినిమాలకి ర్యాంకులెందుకివ్వవని ఒకసారి అడిగాను.

"వాళ్ళతో భయం లేదే. ఒకాయన కొట్టే రకమని చూడగానే తెలిసిపోతుంది. ఇంకొకాయన బాధపడతాడు, అదీ తెలుస్తుంది. ఈయన నవ్విస్తాడు. పక్కన పిల్ల చచ్చి పడుంటే మనచేత కూడా నవ్విస్తాడు," అంది.

ఈ పిచ్చి ఆవిడకి ఉయ్యూరులో పట్టింది. తాతయ్యకి అక్కడ చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆదివారం మార్నింగ్ షోకి ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్ళట. కాన్వెంటులో చదువుతున్న పిల్లలకి ఇంగ్లీషు వస్తుందని చెప్పి, నిజానికి ఆయన సరదా కోసం, ఇద్దరు కూతుళ్ళనీ తీసుకెళ్ళేవాడు. మా అమ్మ నిద్రపోయేది. పెద్దమ్మ కళ్ళార్పకుండా చూసేది. పడవది అక్కడే చూసింది. అందులో అమ్మాయి తూటా తగిలి పడవ అంచుమీంచి నీళ్ళలోకి జారిపోతుంది. ఆయన చెయ్యి చాస్తాడు, అందదు. నీళ్ళ వంక చూస్తూ నిలబడతాడు. హాలంతా జోకు కోసం చూస్తోంది. ఆయన ఏమీ అనలేదు. అలా నిలబడి ఉండగానే తర్వాతి సీను వచ్చేసింది.

"నోరు పెగల్లేదే ఆయనకి," అని ఎన్నిసార్లు చెప్పిందో. రిక్షాలో ఇంటికి వస్తూ తాతయ్యని అడిగితే, ఎంత సరదా మనిషికైనా ఎక్కడో ఒకచోట నోరు పడిపోతుందమ్మా అన్నాడట. ఆ మాట ఆవిడ పట్టుకుంది. పడవది ఏళ్ళ తరబడి ఫస్టులోనే ఉంది.

పెదనాన్న పెళ్ళిచూపులకి వచ్చిన రోజు ఇంటిల్లిపాదినీ నవ్వించాడట, చర్చి ఫాదర్ గారితో సహా. పెద్దమ్మ ఒప్పుకుంది. సరదా మనిషి, ఎక్కడో ఒకచోట ఆగుతాడు కదా అనుకుంది. ఇది నా ఊహ కాదు, ఆవిడే చెప్పింది.

పెదనాన్నకి ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్డు ఉండేది. చెడ్డవాడని ఎవరూ అనలేరు. తాగడు, చెయ్యెత్తడు, అందరికీ కావలసినవాడు. వేసవి సెలవుల్లో నేను అక్కడే ఉండేదాన్ని. ఒకరోజు షెడ్డులో జాకీ జారి, లారీ మీద పడి ఒక పనివాడు చచ్చిపోయాడు. మా గుణదల ఇంటి గేటుకి ఆ బరువైన ఇనుప గడియ చేసి బిగించింది అతనే. ఆ సంగతి భోజనాలకి కూర్చున్నాక పెదనాన్న చెప్పాడు.

"పొద్దున్నుంచీ పనికి రానంటే రానన్నాడు. తీరా వచ్చి లారీ కింద పడుకున్నాక లేవనంటే లేవనంటున్నాడు."

మేం పిల్లలం. మాకు విషయం అర్థమయ్యేలోపే నవ్వొచ్చేసింది. పెద్దమ్మ అన్నం వడ్డిస్తోంది. అన్నం హస్తం నా కంచం మీద గాల్లో ఆగిపోయింది. పెదనాన్న కలుపుకుని తింటూ, ఏమైంది, వడ్డించు అన్నాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు. నన్ను, తన కూతుర్ని చూసింది, నవ్వుతున్న మా ఇద్దరి మొహాలూ.

ఆ తర్వాత కొన్నేళ్ళకి కేబుల్ టీవీ వచ్చింది. నేను డిగ్రీకి విజయవాడ వచ్చి పెద్దమ్మ దగ్గరే ఉన్నాను. క్యాసెట్టుగా ఎప్పుడూ దొరకని పడవది ఒక ఆదివారం టీవీలో వేశారు. పెద్దమ్మకి పండగే. పెదనాన్నని కూడా బలవంతంగా కూర్చోబెట్టింది. అమ్మాయి నీళ్ళలోకి జారింది, ఆయన చెయ్యి చాచాడు, గోరుచిక్కుళ్ళ చప్పుడు ఆగింది. ఆయన నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. ఉయ్యూరులో తర్వాతి సీను వచ్చేసిన చోట టీవీలో రాలేదు. ఆయన అలాగే నిలబడి, చొక్కా చేతులు సర్దుకుని, పడవ నడిపేవాడి వైపు తిరిగి, ఈత రాదని ముందే చెప్పాల్సింది అన్నాడు. కనుబొమ్మ ఎగిరింది.

పెదనాన్న కుర్చీ అదిరేలా నవ్వాడు.

"ఉయ్యూరులో ఈ ముక్క వేయలేదే," అంది పెద్దమ్మ. నాతో అందో, తనలో తను అనుకుందో తెలియదు.

వేసి ఉండరు. అన్ని ఊళ్ళూ తిరిగి, అరిగిపోయి, చివరికి ఉయ్యూరు చేరిన ప్రింటు. తెగిన చోటల్లా కత్తిరించి అతికించుకుంటూ ఆడించేవాళ్ళు. ఆయన నోరు పెగలకపోవడం ఏదో ఊళ్ళో ఏదో ఆపరేటరు కత్తెర చేసిన పని. దాని మీద మా పెద్దమ్మ ఒక నమ్మకం పెట్టుకుని, ఒక మనిషిని పెళ్ళి చేసుకుంది. నాకు ఆ రోజు ఆ సినిమా మీద వచ్చినంత కోపం ఇంకే సినిమా మీదా రాలేదు.

మరి ఇప్పుడు ఫస్టు ఏది పెద్దమ్మా అని అడిగాను, మాట మార్చడానికి. చేట కింద పెట్టి పక్కన నవ్వుతున్న పెదనాన్నని చాలాసేపు చూసింది.

"ఫస్టు లేదు. రెండు నుంచి మొదలు," అంది.

పెదనాన్న గుండెపోటుతో పోయినప్పుడు కూడా ఇల్లు నిండిపోయింది. వచ్చినవాళ్ళందరూ ఆయన జోకులే చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పెద్దమ్మ ఒక మూల కూర్చుని వాళ్ళని చూస్తూ ఉండిపోయింది.

ఆవిడకి ఒక్కతే కూతురు, నాకు చెల్లి. ఆఫీసులో ఒకతన్ని ఇష్టపడింది. మంచి ఉద్యోగం, మంచి రూపం, అదే చర్చి. వచ్చిన మొదటి రోజే వీధి వీధంతటికీ ఇష్టుడైపోయాడు. నన్ను వదినగారూ అంటూ ఎన్నాళ్ళనుంచో తెలిసినవాడిలా మాట్లాడాడు. నాకూ నచ్చాడు. పెద్దమ్మ మాత్రం ఆదివారం భోజనానికి పిలిచి, భోజనమయ్యాక టీవీ ముందు కూర్చోబెట్టి రైలుది పెట్టింది. చేట ఒళ్ళో పెట్టుకుంది.

సినిమాలో అమ్మాయిని రైల్లోంచి తోసేశారు. పెద్దమ్మ వేళ్ళు ఆగబోయాయి. హీరో ఇంకా నోరు తెరవలేదు. ఈలోపే ఇతను, "పోనీలెండి, టికెట్టు డబ్బులు వాపసు ఇస్తారు," అన్నాడు. చెల్లి నవ్వింది, నేనూ నవ్వాను. పెద్దమ్మ ఇద్దరినీ చూసింది.

ఆ సాయంత్రం వంటింట్లో చెల్లితో మెల్లగా చెప్పింది, ఆయన కంటే ముందే వేశాడే అని. చెల్లికి కోపమొచ్చింది. ఏదో టీవీలో బొమ్మని చూసి మనిషిని లెక్కకడతావా, నాన్న కూడా ఇలాగే సరదాగా ఉండేవాడు కదా అంది.

"అదేనమ్మా నేను చెబుతోంది."

చెల్లి వినలేదు. పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళికొడుకు ఫొటోలు తీసేవాళ్ళని కూడా నవ్వించాడు.

గుణదల తిరునాళ్ళకి పెద్దమ్మ ఇంట్లో అందరం కలిసేవాళ్ళం. రెండేళ్ళ కిందటి తిరునాళ్ళకి చెల్లి మణికట్టుకి కట్టుతో వచ్చింది. ఏమైందని మేం అడిగేలోపే అతను అందుకున్నాడు. మా ఆవిడ బాత్రూం తలుపుతో కుస్తీ పట్టిందండీ, తలుపే గెలిచింది అన్నాడు. కొండకి వెళ్ళొచ్చిన చుట్టాలు ఇంటినిండా ఉన్నారు. అందరూ నవ్వారు. చెల్లి కూడా నవ్వింది. అందరికంటే కొంచెం ముందే నవ్వింది, అది నేను చూశాను. పెద్దమ్మ చేతిలో గోరుచిక్కుడు సగం వంగి అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఆవిడ మళ్ళీ తుంచలేదు. చేట తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసింది.

వెళ్ళేటప్పుడు చెల్లిని నాలుగు రోజులు ఉండి వెళ్ళమంది. అమ్మకి అన్నీ సినిమాలే అని చెల్లి కొట్టిపారేసింది. కారు ఎక్కుతూ కట్టు ఉన్న చెయ్యి పైట కింద దాచుకుంది. అతను అద్దం దించి మాకు చెయ్యి ఊపాడు. కారు మలుపు తిరిగిందాకా పెద్దమ్మ గేటు పట్టుకుని నిలబడింది. అప్పటినుంచీ ఫోను మోగితే చాలు ఉలిక్కిపడేది.

పోయిన వర్షాకాలం ఆవిడ ఆరోగ్యం పాడైంది. లివరు. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. చెల్లి, నేను చెరోవైపు కూర్చున్నాం. చూడటానికి వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు చెల్లి చెయ్యి పట్టుకుని, ఆ మణికట్టు మీదే వేలు పెట్టి మాట్లాడింది.

"నేను చచ్చిపోయాక మీ ఆయన్ని నా పక్కనే నిలబెట్టు. ఎంతసేపు ఆగుతాడో చూడు. ఎవరు నవ్వినా నువ్వు నవ్వకుండా చూడు. ఇంక నేను చూడలేనుగా."

ఏం మాటలమ్మా అని చెల్లి ఏడ్చింది. పెద్దమ్మ వేలు మాత్రం అక్కడినుంచి తియ్యలేదు. ఆ తర్వాత ఆవిడ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడిన ఆఖరి మాటలు ఒక సినిమా గురించి లాగే ఉన్నాయి.

ఆవిడ పోయిన పొద్దున ఫ్రీజర్ బాక్సు తెప్పించారు. ముందు గదిలో, టీవీ ఉండే గోడకి ఆనించి పెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని పాటలు పాడుతున్నారు. లోపలి చలికి అద్దంమీద మంచు పడుతుంటే చెల్లి పైట చెంగుతో తుడుస్తోంది. తుడిచినప్పుడల్లా పెద్దమ్మ మొహం కనపడుతోంది, మళ్ళీ మసకబారుతోంది. పాట ఆగింది. అప్పుడు అతను వచ్చి చెల్లి పక్కన నిలబడ్డాడు. పెద్దమ్మ మీద ఒట్టు, ఆ క్షణం అతను ఆగాలని, పడవ మీద ఆయనలాగా, ఉయ్యూరు ప్రింటులో ఆయనలాగా ఊరికే నిలబడాలని కోరుకున్నాను.

"అత్తయ్యగారికి ఏసీ పెట్టిస్తానని ఎన్నాళ్ళనుంచో బతిమాలుతున్నా. ఇవాళ్టికి ఒప్పుకున్నారు," అన్నాడు.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నా పెదవులు కూడా నా మాట వినకుండా కదిలాయి. చెల్లి చెయ్యి అద్దంమీద ఆగిపోయింది. అతను ఆమె నవ్వు కోసం ఆమె వంక చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. చెల్లి నవ్వలేదు. అతని మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, దవడ బిగుసుకుంది. ఆ దవడని ఆమె అంతకుముందు చాలాసార్లు చూసి ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. అద్దం పూర్తిగా మసకబారిపోయింది.

"అక్కా, నేనింక ఇక్కడే ఉంటాను," అంది నాతో, తల తిప్పకుండా.

అన్నట్టుగానే భూస్థాపన అయ్యాక అతనితో వెళ్ళలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లోనే ఉంటోంది. అతను పోట్లాడలేదు, అరవలేదు. స్వీట్లు పట్టుకుని వస్తాడు. చెల్లి తలుపు తియ్యదు. అతను గేటు బయట నిలబడి ఇరుగుపొరుగులతో కబుర్లు చెప్పి, మా ఆవిడ నాకు వీసా ఇవ్వడం లేదని నవ్వించి వెళ్ళిపోతాడు. అంత మంచివాడికి ఇలాంటి పెళ్ళాం ఏమిటని వీధిలో అనుకోవడం నా చెవిన పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆటోనగర్‌లో ఆ పెద్దమనుషులకి నేను ఇచ్చిన జవాబు ఒక్కటే, మొదటి ర్యాంకు ఎవరికీ లేదండీ, రెండు నుంచి మొదలు అని. వాళ్ళు నన్ను వింతగా చూశారు. టీవీలో ఎవరో అమ్మాయి పడిపోయింది, జోకు వచ్చింది, ఇద్దరూ హాయిగా నవ్వారు. నేను వాళ్ళ మొహాలు చూస్తున్నానని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

కారు తీసుకుని తిన్నగా గుణదల వెళ్ళాను. చెల్లి ముందు గదిలో చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీవీ కట్టేసి ఉంది. ఈ కూర నీకిష్టం లేదుగా అంటే, చేతులకి పని ఉండాలి కదక్కా అంది. ఆటోనగర్ సంగతి చెప్పాను. కొంచెం నవ్వింది. చాలా రోజులకి.

అప్పుడే బయట కారు ఆగింది. అతని గొంతు వినపడింది, పక్కింటాయనతో ఏదో అంటున్నాడు. చేటలో చప్పుడు ఆగిపోయింది. పక్కింటాయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతూనే, పాపం లోపలికి వెళ్ళండి బాబూ అంటూ మా గేటు గడియ తీశాడు. పెదనాన్న షెడ్డులో చచ్చిపోయినతను బిగించిన గడియ అది. దాని చప్పుడు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అన్నాళ్ళూ గేటు దాటి రానివాడు మెట్లెక్కి వచ్చాడు. దగ్గరకి వేసి ఉన్న తలుపు అవతల నిలబడ్డాడు.

"ఇంటిని నలువైపులా అల్లుడు చుట్టుముట్టాడు. లోపలున్నవాళ్ళు చేతులు పైకెత్తి బయటికి రావాలి."

గేటు దగ్గర మళ్ళీ నవ్వులు. మంచి జోకే. చెల్లి తలుపు వైపు చూడటం లేదు. వాళ్ళమ్మలాగా, నా మొహం చూస్తోంది.

నేను నవ్వలేదు.

చెల్లి చేట పక్కన పెట్టి లేచి, వెళ్ళి లోపలి గొళ్ళెం పెట్టింది. మళ్ళీ వచ్చి కూర్చుని ఒక గోరుచిక్కుడు తీసి తుంచింది. బయట వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.